సరిచూసినవారు

"నీ ఉద్యోగంలో నువ్వు సేసేదేటుంది సత్యా? వేరేవోళ్ళు సేసింది సూడ్డమే కదా," అన్నాడు మా ఆయన ఉదయ్‌కుమార్, ఉప్మాలో జీడిపప్పు ఏరుకుంటూ.

ఆ సమయానికి నేను తడిగుడ్డతో కిటికీ చట్రం మీద బొగ్గుమసి తుడుస్తున్నాను. మల్కాపురంలో కాపురం ఉండేవాళ్ళకి పొద్దున్నే ముఖం కడుక్కోవడం ఎలాగో ఇదీ అలాగే. పోర్టు వైపు నుంచి గాలి తిరిగితే చాలు, మధ్యాహ్నానికి ఆ చట్రం మీద వేలితో మళ్ళీ అక్షరాలు దిద్దుకోవచ్చు. పొయ్యి మీద పాలు, కుక్కర్లో పప్పు, ఏడో క్లాసు చదివే మా పాపకి సగం వేసిన జడ, అతని టిఫిన్ డబ్బా, అన్నీ నా రెండు చేతుల్లోనే ఉన్నాయి. అచ్యుతాపురం వెళ్ళే కంపెనీ బస్సుకి ఇంకా పావుగంట ఉందని అతను నిదానంగా తింటున్నాడు. ఆ మాట కోపంగా అనలేదు, వెక్కిరించడానికీ అనలేదు. నిజంగానే అతనికి అలా అనిపించింది. నా ఏడుపంతా అక్కడే. తిట్టేవాణ్ణి తిరిగి తిట్టొచ్చు, నిజమనుకుని మాట్లాడేవాణ్ణి ఏం చెయ్యను?

"అయితే అన్నం ఉడికిందో నేదో సూడ్డానిక్కూడా జీతమిత్తారన్నమాట," అంది మా అత్తగారు కాశమ్మ, బాల్కనీలో కూర్చుని చుట్ట కాలుస్తూ. చోడవరం దగ్గర పల్లెలో ముప్ఫై ఏళ్ళు చెరుకు చేలో నడుం వంచిన మనిషి. ఆవిడ దృష్టిలో చెమట పట్టనిది పని కాదు. నేను కూడా వాళ్ళతో కలిసి నవ్వేశాను. పెళ్ళయి పదమూడేళ్ళయింది, ఈ ఇంట్లో అందరూ మెచ్చుకునేలా నేను నేర్చుకున్న పని ఆ నవ్వొక్కటే.

నేను చేసేది చూడటమే, కాదనను. గాజువాకలో రంగుల కొట్టు మీద రెండో అంతస్తులో మా ఆఫీసు. ఇనుముతో చేసే వాటికి, అంటే నిచ్చెనలకి, ప్లాట్‌ఫారాలకి, క్రేనుకి తగిలించే కొక్కేలకి డిజైన్లు చేసి ఇస్తుంది. ఎవరో ఒకరు కంప్యూటర్లో బొమ్మ గీస్తారు. కంప్యూటర్ ఆ బొమ్మని వేల చిన్న చిన్న ముక్కలుగా కోసి, ఏ ముక్క మీద ఎంత ఒత్తిడి పడుతుందో లెక్కకట్టి, రంగులేసి చూపిస్తుంది. నీలం ఉంటే భయం లేదు, పచ్చ ఉంటే ఫరవాలేదు, ఎరుపు వస్తే ఆలోచించాలి. ఆ రంగుల బొమ్మ చూడగానే అందరికీ అదే నిజమనిపిస్తుంది. నా పని అక్కడ మొదలవుతుంది. పైన ఎంత బరువు పెట్టామో, కింద ఆనుకున్న చోట్లన్నీ కలిపితే అంతే వస్తోందా? ముక్కల్ని సగానికి సగం చిన్నవి చేసి మళ్ళీ లెక్క నడిపిస్తే జవాబు కదలకుండా నిలబడుతోందా? కాగితం మీద పెన్సిల్‌తో మోటుగా వేసిన లెక్క కనీసం దరిదాపుల్లోకి వస్తోందా? ఇవన్నీ చూడకుండా నమ్మితే కొంప మునుగుతుంది. కంప్యూటర్‌కి సిగ్గూ శరం లేవు. తప్పు జవాబుకి కూడా అంతే ముచ్చటగా రంగులేసి ఇస్తుంది.

ప్రతి రిపోర్టు మొదటి పేజీలో కింద మూడు గళ్ళుంటాయి. తయారుచేసినవారు, సరిచూసినవారు, ఆమోదించినవారు. చివరి గడిలో మా యజమాని కృష్ణంరాజు గారి సంతకం. మధ్య గడిలో సీనియర్ డిజైనర్ జగ్గారావు గారి పేరు. పదకొండేళ్ళుగా సరిచూసేది నేను, సరిచూసినవారు ఆయన. కొత్తలో ఒకసారి ధైర్యం చేసి అడిగాను. "క్లయింట్లకి తెలిసిన పేరమ్మా అది. మీరు మా ఇంటి మనిషిలాంటివారు, మీకు పేరుతో పనేముంది?" అన్నారు కృష్ణంరాజు గారు, ఎంతో ఆప్యాయంగా. ఇంటి మనిషంటే ఏమిటో నాకంటే బాగా ఎవరికి తెలుసు? ఆ మధ్యాహ్నం క్లయింట్లు వస్తే, "మీరైతే టీ సరిగ్గా చెప్తారు సత్యశ్రీ గారూ," అని నన్నే కిందికి పంపారు. నేను కప్పులు పట్టుకుని పైకి వచ్చేసరికి, నేను పట్టుకున్న తప్పుని జగ్గారావు గారు ఎలా పట్టుకున్నారో వాళ్ళకి వివరిస్తున్నారు. టీలో పంచదార సరిపోయిందా అని అడిగాను.

పోయిన నెలలో ఒక ప్రైవేటు జెట్టీ కంపెనీ నుంచి నాలుగు బుట్టలకి ఆర్డరు వచ్చింది. బుట్టలంటే కూరగాయల బుట్టలు కాదు. ఎత్తులో సరుకు మోసుకెళ్ళే బెల్టులకి రిపేర్లు చెయ్యడానికి మనుషుల్ని నిలబెట్టి క్రేనుతో పైకి లేపే ఇనుప పంజరాలు. ఒక్కో దాంట్లో నలుగురు ఎక్కుతారు. పైన నాలుగు మూలలా నాలుగు చెవులుంటాయి, వాటికి గొలుసులు తగిలించి ఎత్తుతారు. ఆ కంపెనీవాళ్ళు కొత్తగా ఒక షరతు పెట్టారు. తయారుచేసినవారూ సరిచూసినవారూ ఒకరే కాకూడదు, సరిచూసినవారికి ఇంజినీరింగు డిగ్రీ ఉండాలి. బుట్ట గీసింది జగ్గారావు గారు, ఆయన చదివింది డిప్లొమా. కృష్ణంరాజు గారు నన్ను కేబిన్‌లోకి పిలిచి, నేను కూర్చునేదాకా ఆగి, "ఈసారి మీ పేరే పెడుతున్నామమ్మా. ఇకమీదట అన్నిటికీ మీ పేరే," అన్నారు.

సంతోషం పట్టలేక బాత్‌రూమ్‌లోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను. నలభై ఏళ్ళు దగ్గర పడుతున్న ఆడది ఒక గడిలో పేరు కోసం ఏడవడమేమిటని ఎవరైనా నవ్వుకోవచ్చు, నవ్వుకోండి. ఆ సాయంత్రం వంజరం చేప కొనుక్కుని వెళ్ళాను. ఉదయ్ విని, "ఓపిక పడితే అన్నీ అవే వత్తాయని నాను సెప్పలేదా?" అని, ఫోన్ తీసి ఫ్రెండుకి చేశాడు. "బావా, మా ఆవిడ సంతకం నేకుండా ఆ ఆఫీసులో కాయితం కదలదంట ఇప్పట్నించి!" మా అత్తగారు పక్క వాటా ముసలమ్మ గారికి గోడ మీంచి చెప్పింది. ఆ వేళ తిన్న కంచం అతనే తీసుకెళ్ళి సింకులో పెట్టాడు. అంత చిన్న విషయం ఇంకా గుర్తుందంటే, అది ఎన్నిసార్లు జరిగిందో మీరే ఊహించుకోండి.

మర్నాడు పొద్దున్న బుట్ట ఫైలు తెరిచాను.

ఇక్కడ మా ఆఫీసు అలవాటు ఒకటి చెప్పాలి. బొమ్మలో రెండు ఇనుప రేకులు లోపలి వైపు పదునైన మూలగా కలిస్తే, అక్కడ ఎర్రగా వస్తుంది. ముక్కల్ని ఇంకా చిన్నవి చేస్తే ఇంకా ఎర్రబడుతుంది, అంకె పెరుగుతూనే పోతుంది, ఎక్కడా ఆగదు. అది లెక్కలో పుట్టే దొంగ ఎరుపు. దాన్ని సింగులారిటీ అంటారు. అసలు ఇనుములో ఆ మూల వెల్డింగుతో కాస్త గుండ్రంగా ఉంటుంది కాబట్టి అంత ఒత్తిడి నిజంగా రాదు. అందుకని ఎర్ర మూల కనపడగానే "సింగులారిటీ, వదిలెయ్" అంటారు. పక్కనున్న రంగుల స్కేలు పైహద్దు కాస్త పెంచితే ఎరుపు కాస్తా పసుపవుతుంది, ఇంకాస్త పెంచితే పచ్చబడుతుంది. ఫొటో తీసి రిపోర్టులో అంటిస్తారు. పదింట తొమ్మిదిసార్లు అది దొంగ ఎరుపే. ఆ పదోది ఏదో తెలుసుకోవాలంటే, ఆ గుండ్రాన్ని ఉన్నదున్నట్టు గీసి మళ్ళీ నడిపించాలి. దానికి ఒక పూట పడుతుంది. పూట ఎవరికుంది?

జగ్గారావు గారి బొమ్మలో చెవి చట్రాన్ని కలిసే మూల పచ్చగా ఉంది. స్కేలు చూస్తే పైహద్దు ఆరు వందలు. నాకు నవ్వొచ్చింది. మామూలు స్థాయికి దించగానే నాలుగు చెవుల దగ్గరా నాలుగు ఎర్రటి చుక్కలు లేచాయి. దొంగ ఎరుపే అయ్యుంటుందనుకుంటూనే, నా పేరు పడే మొదటి కాగితం కదా అని, డ్రాయింగులో ఉన్న వెల్డింగు గుండ్రం కొలత ప్రకారం మూలని గీసి నడిపించాను. మూడు వందల పద్దెనిమిది. ముక్కల్ని సగం చేశాను. మూడు వందల ఇరవై రెండు. మళ్ళీ సగం చేశాను. మూడు వందల ఇరవై మూడు. అంకె నిలబడిపోయింది. దొంగదైతే నిలబడదు, పరిగెత్తుతుంది. ఆ ఇనుము రెండు వందల యాభై దాటితే లొంగడం మొదలుపెడుతుంది. మనుషులు ఎక్కేదానికి అందులో సగమైనా రాకూడదు. కింద ఆధారాల దగ్గర బరువులు కూడి చూశాను, సరిపోయాయి. కాగితం మీద లెక్కేశాను, అదీ ఆ చుట్టుపక్కలకే వచ్చింది. ఎక్కడో నేనే తప్పు చేసి ఉండాలని దేవుడికి దండం పెట్టుకుంటూ భోజనం మానేసి మళ్ళీ మొదటి నుంచి చేశాను. తప్పు నాది కాదు.

"సింగులారిటీ అమ్మా అది," అన్నారు జగ్గారావు గారు తల ఎత్తకుండానే.

"గుండ్రం వేసి చూశాను సార్. అంకె ఆగింది."

"పాతికేళ్ళ నుంచి సేత్తన్నాను ఇలాంటి చెవులు. ఒక్కటి ఊడిందేటి? ఎక్కువ సదివేస్తే వచ్చే బాధలివి."

కృష్ణంరాజు గారు మాత్రం అంతా ఓపికగా విన్నారు. అప్పటికే ఆటోనగర్ షెడ్డులో నాలుగు బుట్టలూ వెల్డింగు అయిపోయి, పసుపు రంగు వేసుకుని ఆరుతున్నాయి. శుక్రవారం పంపాలి. చెవుల దగ్గర మందపాటి రేకు అతికించి మళ్ళీ వెల్డింగు చేస్తే సరిపోతుంది, మూడు నాలుగు రోజుల పని అన్నాను. "లోడ్ టెస్ట్ చేస్తాం కదమ్మా. ఇసక బస్తాలేసి ఎత్తుతాం, మీరూ వచ్చి చూడండి, ఇంత కూడా వంగదు," అన్నారు. వంగదు. నాకు తెలుసు. ఒకసారి ఎత్తితే ఏమీ కాదు సార్, రోజుకి పాతికసార్లు ఎత్తి దించుతుంటే ఆ మూల నుంచి వెంట్రుకంత బీట మొదలవుతుంది, అది ఏ నెలలో పెద్దదవుతుందో ఎవరూ చెప్పలేరు అన్నాను. ఆయన నిట్టూర్చి, "పదకొండేళ్ళ తరవాత మీకొక అవకాశం ఇస్తే మీరిలా భయపడితే ఎలాగమ్మా? ధైర్యంగా ఉండాలి," అన్నారు. అవకాశం అన్న మాట ఆయన నోట వినడం అదే మొదటిసారి.

ఇంటికి వచ్చి ఉదయ్‌కి చెప్పాను. బెండకాయలు తరుగుతూ, ఎర్ర చుక్కల సంగతీ, ఆగిన అంకె సంగతీ, బుట్టలో నిలబడే నలుగురి సంగతీ, పూసగుచ్చినట్టు చెప్పాను. అర్థం కాని మనిషి కాదు, అతనూ ఫ్యాక్టరీలో పనిచేసేవాడే. టీవీ సౌండు తగ్గించి మరీ విన్నాడు. "మిగతా బుట్టంతా పచ్చగానే ఉందన్నావు కదా. ఆ ఒక్క మూల పట్టుకుని ఏలాడతావేటి? అందరూ సంతకాలు పెడతన్నారు, నీకొక్కదానికే కనపడతాదా? పేరు పడతాదని మొన్న ఎంత సంబరపడ్డావు," అన్నాడు. "మగోడికి నేని బాద నీకేటే కోడలా? పెట్టీమన్న కాడ పెట్టీ," అంది అత్తగారు.

అతను బుట్ట గురించే అన్నాడు. నాకు మాత్రం చెంప చురుక్కుమంది. మూడేళ్ళ కిందట చోడవరంలో వాళ్ళ పెదనాన్న కొడుకు పెళ్ళిలో, పాప మెడలో గొలుసు కనపడలేదని, వంద మంది భోజనాల పంక్తిలో కూర్చుని ఉండగా నన్ను కొట్టాడు. తరవాత ఆ గొలుసు అత్తగారి సంచిలోనే దొరికింది. ఆ రోజు నుంచీ నేను ఆ మాట ఎత్తినప్పుడల్లా అతని జవాబు ఒకటే. ఒక్కసారే కదా. పదేళ్ళ కాపురంలో ఒక్కసారి. అది తీసేసి చూడు, నీకేం తక్కువ చేశాను? తగరపువలసలో మా అమ్మ కూడా ఆ మాటే అంది. "మిగతాదంతా బాగానే సూసుకుంటన్నాడు కదమ్మా." అందరూ కలిసి పదేళ్ళనీ ఒక సగటు చేసి, ఆ చెంపదెబ్బని అందులో కలిపేసి, నా కాపురం పచ్చగా ఉందని తేల్చారు. నేనూ ఒప్పుకున్నాను. ఒప్పుకుని ఇంతకాలం వండి పెట్టాను. కానీ అది సగటులో పడలేదు, ఒక చోటే పడింది, నాకు ఇప్పటికీ అక్కడే నొప్పెడుతుంది. ఆ వేళ బెండకాయలు తరగడం మానేసి కత్తి పక్కన పెట్టి, చాలాసేపు వేళ్ళకి అంటిన జిగురు చూసుకుంటూ కూర్చున్నాను. "కూర ఎప్పటికవుద్ది?" అని టీవీ దగ్గర నుంచి అడిగాడు.

శుక్రవారం పొద్దున్న రిపోర్టు నా బల్ల మీదికి వచ్చింది. మధ్య గడిలో నా పేరు అచ్చయి ఉంది, సంతకానికి ఖాళీ ఉంది. ఎంత అందంగా ఉందో చెప్పలేను. ఆ పేరు మీద ఒకసారి వేలితో రాసి, తీసుకెళ్ళి కృష్ణంరాజు గారి బల్ల మీద పెట్టి, "పెట్టలేను సార్," అన్నాను. ఆయన అరుస్తారనుకున్నాను. "సరేనమ్మా, మీరు ఇబ్బంది పడకండి. చూద్దాం," అన్నారంతే. శనివారం మాకు సెలవు. ఆ రెండు రోజులూ, ఎవరికీ చెప్పలేదు గానీ, నాకు ఒళ్ళు తేలిగ్గా ఉంది. బుట్టలు ఆగాయనే అనుకున్నాను. నా సంతకం లేకపోతే కాగితం కదలదని మా ఆయన అన్న గొప్పని నేను కూడా నమ్మేశాను కాబోలు. బట్టలుతుకుతూ కూనిరాగం తీస్తుంటే అత్తగారు వింతగా చూసింది.

సోమవారం ఆఫీసులో అడుగుపెట్టగానే హిమబిందు ఎదురొచ్చింది. చేతిలో మాడుగుల హల్వా డబ్బా ఉంది. ఇరవై మూడేళ్ళ పిల్ల. భీమిలిలో వాళ్ళ నాన్న వేటకి వెళతాడు, వాళ్ళమ్మ ఎండుచేపలు అమ్మి ఇంజినీరింగు చదివించింది. ఏడు నెలలైంది చేరి. నాకు ముందు ఒక ముక్క నోట్లో పెట్టి, ఆ తరవాత చెప్పింది.

"అక్కా, నా పేరు పడింది రిపోర్టులో! సరిచూసినవారు అని. శుక్రవారం సాయంత్రం మీరెళ్ళిపోయేక సార్ పిలిచేరు. మా అమ్మకి ఫొటో పెట్టేను, చదవడం రాదు కదా, పక్కింటోళ్ళ చేత చదివించుకుందంట రెండుసార్లు."

హల్వా ముక్క మింగి, "నువ్వు చూశావా? చెవి దగ్గర మూల చూశావా?" అన్నాను.

"చూసేనక్కా. ఎర్రగా వచ్చింది. సింగులారిటీ అని వదిలేసేను."

"ఎవరు చెప్పారు నీకు సింగులారిటీ అని? జగ్గారావు గారా?"

"మీరే కదక్కా," అంది హిమబిందు, నేను పరాచికాలాడుతున్నానేమో అన్నట్టు నవ్వి. "నేను చేరిన మొదటి వారం మీరే కదా నేర్పేరు. లోపలి మూలలో ఎరుపొస్తే పట్టించుకోకు, స్కేలు మార్చి ఫొటో తీసుకో అని."

గుర్తొచ్చింది. సాయంత్రం అయిదున్నర అప్పుడు. ఉదయ్ ఆఫీసు వాళ్ళు నలుగురు ఇంటికి భోజనానికి వస్తున్నారు, కోడికూర వండాలి, అప్పటికే అతను మూడుసార్లు ఫోన్ చేశాడు. ఈ పిల్ల బెరుగ్గా కుర్చీ పక్కకి వచ్చి, "అక్కా, ఈ మూల ఎందుకిలా అవుతోంది?" అని అడిగింది. ఎంత మంచి ప్రశ్న! కూర్చోబెట్టి, గుండ్రం గీయించి, మూడుసార్లు నడిపించి చూపించాల్సిన ప్రశ్న. నేను ఒక చేత్తో బ్యాగు సర్దుకుంటూ, ఇంకో చేత్తో స్కేలు మార్చి చూపించి, బస్సుకి పరిగెత్తాను. ఆ వేళ కూర బావుందని వచ్చినవాళ్ళందరూ మెచ్చుకున్నారు.

నా కోపమంతా ఎటు పోయిందో తెలీదు. జగ్గారావు గారి మీద, కృష్ణంరాజు గారి మీద, మా ఆయన మీద ఏళ్ళకి సరిపడా తిట్లు కూడబెట్టుకుని ఉన్నాను. అవన్నీ నోట్లోనే చల్లారిపోయాయి. ఒక్క పూట తీరిక దొరక్క, అందరూ నాకు చెప్పే 'వదిలెయ్' అన్న మాటనే నా తరవాతి పిల్ల చేతికి అందించి వచ్చాను.

"తప్పు నేర్పాను హిమా," అన్నాను. ఫైలు తెరిచి, గుండ్రం గీసిన బొమ్మ చూపించాను. ఆగిన అంకె చూపించాను. తెలివైన పిల్ల, రెండో అంకె దగ్గరే అర్థమైపోయింది. "బుట్టలు శుక్రవారమే వెళ్ళిపోయేయక్కా," అంది.

జెట్టీ కంపెనీ మేనేజరుకి మెయిల్ రాయడం మొదలుపెట్టాను. బుట్టల చెవుల దగ్గర ఒత్తిడి పరిమితి దాటుతోంది, మనుషుల్ని ఎక్కించకండి. ఈ రిపోర్టు సరిచూసిన అమ్మాయికి సరిచూడటం నేర్పింది నేను, తప్పు నేర్పాను, ఆమెది కాదు నాదే బాధ్యత. హిమబిందు నా వెనకే నిలబడి ఒక్కో వాక్యం చదువుతోంది.

"అంటే నా పేరు తీయించేస్తారా?" అంది చివరికి. "మీ పేరు పడలేదనేనా అక్కా?"

కాదని వెంటనే అనాల్సింది. శుక్రవారం పొద్దున్న ఆ గడి మీద వేలితో రాసుకున్నదాన్ని, కాదని ఎలా అనను? ఆ పిల్ల హల్వా డబ్బా మూత పెట్టుకుని తన సీటుకి వెళ్ళి అటు తిరిగి కూర్చుంది. నేను మెయిల్ పంపేశాను.

అరగంటలో జవాబు వచ్చింది, కృష్ణంరాజు గారికి, నాకు నకలు. 'బుట్టలు శనివారం నుంచే వాడుతున్నాం. ఇంతవరకు ఏ ఇబ్బందీ లేదు. దయచేసి మీ అంతర్గత విషయాలు మీలో మీరే పరిష్కరించుకోండి.' కృష్ణంరాజు గారు కేబిన్ లోంచి వచ్చి నా బల్ల పక్కన నిలబడ్డారు. అప్పుడు కూడా అరవలేదు. "ఇంట్లో ఏమైనా టెన్షన్లున్నాయా అమ్మా? కొన్నాళ్ళు రెస్టు తీసుకోండి. ఉదయ్ గారితో నేను మాట్లాడతాను," అన్నారు. నా ఉద్యోగం పోయిన సంగతి మా ఆయనకి చెబుతారన్నమాట. నాకు చెప్పలేదు.

బ్యాగు, నోటుబుక్కు తీసుకుని కిందికి దిగి ఆటో ఎక్కాను. ఇంటికని చెప్పబోయి జెట్టీ గేటుకని చెప్పాను. రెండు గంటలకి అక్కడ షిఫ్టు మారుతుంది. గేటు దగ్గర సెక్యూరిటీ అతను పాసుందా అన్నాడు, లేదంటే పక్కకి నిలబడమన్నాడు. ఎండలో లారీల దుమ్ములో నిలబడ్డాను. ఉదయ్ ఫోన్ రెండుసార్లు మోగింది, ఎత్తలేదు. సైరన్ మోగాక మనుషులు బయటికి రావడం మొదలైంది. నడుముకి బెల్టు, చేతిలో హెల్మెట్ ఉన్న ఒక యాభై ఏళ్ళ మనిషిని ఆపి, కొత్త పసుపు బుట్టలు ఎక్కేదెవరని అడిగాను.

"నానే ఎక్కుతాను. ఏటమ్మా?"

చెప్పాను. ఆటోలో కూడబలుక్కున్నదంతా మర్చిపోయి, అడ్డదిడ్డంగా చెప్పాను. పెద్ద పెద్ద మాటలు వదిలేసి, చెవి మూల దగ్గర బలం చాలదు, బీట పడుతుంది, ఎక్కకండి అన్నాను. ఆయన పూర్తిగా విన్నాడు. పదకొండేళ్ళలో నా లెక్క విని కొట్టిపారెయ్యని మొదటి మనిషి.

"నిజమే అయ్యుంటాది," అన్నాడు. "మరి నాను ఎక్కకపోతే ఇంకోడు ఎక్కుతాడు తల్లీ. ఆడు గుంటడు, మొన్ననే సేరినాడు. నాకైతే కాత్త సూసుకోడం తెలుసు. అందుకే నానెక్కుతన్నాను."

నేనూ ఆ గడిలోకి ఎక్కనన్నాను, నా బదులు ఒక చిన్నపిల్ల ఎక్కింది. నేను మాత్రం ఆ రెండు రోజులూ బట్టలుతుక్కుంటూ కూనిరాగం తీశాను.

నోటుబుక్కులోంచి ఒక కాగితం చింపి బుట్ట చెవి బొమ్మ గీశాను. మూల దగ్గర సున్నా చుట్టాను. "రోజూ ఎక్కేముందు ఇక్కడ చూడండి. నాలుగు చెవులూ చూడండి. రంగు మీద వెంట్రుకంత గీత కనపడినా దిగిపొండి, ఎవరేమన్నా మళ్ళీ ఎక్కొద్దు," అన్నాను.

"రోజూ సూడ్డానికి మాకు టైమెవులిత్తారమ్మా," అన్నాడు. అని, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి టిఫిన్ సంచిలో పెట్టుకుని బస్సు వైపు వెళ్ళిపోయాడు.

వెనక నడుములకి బెల్టులు కట్టుకున్నవాళ్ళు ఇంకో ముగ్గురు వస్తున్నారు. ఇంకో కాగితం చింపాను.